మొదటి సున్నా దొరికింది, రెండో సున్నా జారిపోయింది: సిగ్‌ఎఫ్‌పీఈ ఎందుకిలా చేస్తోంది?

#1 బుల్లి_భాష

అందరికీ నమస్కారం. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక చిన్న స్క్రిప్టింగ్ భాష రాసుకుంటున్నాను. ఇంటర్‌ప్రెటర్ మొత్తం సి లోనే. సంఖ్యలన్నీ 64 బిట్ల డబుల్సే, ఇంటీజర్ అంటూ వేరే రకం లేదు. నా భాషలో సున్నాతో భాగిస్తే ఇన్ఫినిటీ పుట్టించి నోరు మూసుకుని ముందుకు పోకూడదు. ఫలానా లైన్లో తప్పు అని చెప్పాలి, చుట్టూ "పట్టు" బ్లాక్ ఉంటే అందులో పడాలి.

ప్రతి భాగహారం ముందూ ఒక ఇఫ్ ఎందుకు, ప్రాసెసరే కనిపెడుతుంది కదా అనుకున్నాను. ప్రోగ్రాం మొదట్లో ఫీఎనేబుల్‌ఎక్సెప్ట్ పిలిచి ఇన్‌వాలిడ్ (0/0 లాంటి అర్థం లేని లెక్క), సున్నా భాగహారం, ఓవర్‌ఫ్లో మూడింటికీ ట్రాప్ తెరిచాను, అంటే అలాంటి తప్పు జరిగిన చోటే ప్రాసెసర్ ఆపేలా పెట్టాను. అప్పుడు కెర్నెల్ పంపే సిగ్‌ఎఫ్‌పీఈ సిగ్నల్‌కి హ్యాండ్లర్ పెట్టాను. హ్యాండ్లర్‌లోంచి సిగ్‌లాంగ్‌జంప్‌తో "పట్టు" బ్లాక్‌కి దూకుతున్నాను. లినక్స్, ఎక్స్86-64, జీసీసీ.

ఇదిగో వింత:

› 1 / 0
తప్పు, లైన్ 1: సున్నాతో భాగహారం
› 1 / 0
ఇన్ఫ్
› 1 / 0
ఇన్ఫ్

మొదటిసారి బంగారంలా పనిచేస్తుంది. రెండోసారి నుంచి ఏమీ జరగనట్టే ఉంటుంది. రెండు రాత్రుళ్ళు పోయాయి.

తా.క. మిత్రుడి ఏఆర్ఎం లాప్‌టాప్‌లో, అదీ లినక్సే, మొదటిసారి కూడా దొరకడం లేదు. అక్కడే ఇంకో టెస్టు కూడా తప్పుతోంది: పెద్ద సంఖ్యల పూర్ణభాగం నా దగ్గర ఋణసంఖ్య వస్తే అతని దగ్గర ధనసంఖ్య వస్తోంది. అది వేరే బగ్ అయి ఉంటుంది, తర్వాత చూసుకుంటాను.

#2 సెమీకోలన్

సిగ్నల్ మాస్క్ చూశారా? హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపూ అదే సిగ్నల్ బ్లాక్ అయి ఉంటుంది. లాంగ్‌జంప్‌తో బయటికి దూకితే ఆ బ్లాక్ అలాగే ఉండిపోతుంది. సిగ్‌సెట్‌జంప్ రెండో ఆర్గ్యుమెంట్ 1 ఇచ్చారా, 0 ఇచ్చారా?

#3 బుల్లి_భాష

1 ఇచ్చానండి. ఆ పాఠం సెగ్‌ఫాల్ట్‌లతో ఎప్పుడో నేర్చుకున్నాను.

#4 కోర్‌డంప్

మాస్క్ అయి ఉంటే మీకు ఇన్ఫ్ కనిపించేదే కాదు. సిగ్‌ఎఫ్‌పీఈ బ్లాక్ అయి ఉండగా నిజంగా హార్డ్‌వేర్ ఫాల్ట్ వస్తే లినక్స్ ఎదురుచూడదు, డీఫాల్ట్ చర్యకి మార్చి ప్రాసెస్‌ని అక్కడికక్కడే చంపేస్తుంది. మీ ప్రోగ్రాం చావలేదు, చక్కగా ఇన్ఫ్ ఇచ్చింది. అంటే రెండోసారి ఫాల్టే రాలేదు. ట్రాప్ మూసుకుపోయింది.

ఎవరు మూశారు? కెర్నెల్.

ఎక్స్86లో డబుల్ లెక్కలకి ఎంఎక్స్‌సీఎస్ఆర్ అని ఒక 32 బిట్ల రిజిస్టర్ ఉంటుంది. కింది 6 బిట్లు ఫ్లాగులు: ఏం జరిగిందో గుర్తు పెట్టుకుంటాయి. 7 నుంచి 12 దాకా మాస్కులు: 1 ఉంటే ట్రాప్ మూసినట్టు, 0 ఉంటే తెరిచినట్టు. డీఫాల్ట్ విలువ హెక్సాలో 1ఎఫ్80, అంటే అన్నీ మూసి ఉన్నాయి. మీరు మూడు తెరిచారు కాబట్టి 1900 అయి ఉండాలి.

ఇప్పుడు భాగహారం ఫాల్ట్ అయింది. ప్రాసెసర్ 19వ వెక్టర్ (ఆ రకం ఫాల్ట్‌కి కేటాయించిన ద్వారం) ద్వారా కెర్నెల్‌లోకి వెళ్ళింది. కెర్నెల్ ఎంఎక్స్‌సీఎస్ఆర్ చదివి, ఇది సున్నా భాగహారం అని తేల్చి, సిగ్‌ఎఫ్‌పీఈ సిద్ధం చేసింది. హ్యాండ్లర్‌ని పిలిచే ముందు మీ ఫ్లోటింగ్ పాయింట్ స్థితి మొత్తాన్నీ స్టాక్ మీద సిగ్నల్ ఫ్రేమ్‌లో దాచింది. ఆ తర్వాత హ్యాండ్లర్‌కి కొత్త పలక ఇచ్చినట్టు డీఫాల్ట్ స్థితి ఇచ్చింది. అంటే హ్యాండ్లర్ లోపల ఎంఎక్స్‌సీఎస్ఆర్ మళ్ళీ 1ఎఫ్80.

హ్యాండ్లర్ మామూలుగా రిటర్న్ అయితే సిగ్‌రిటర్న్ జరిగి పాత 1900 తిరిగి వచ్చేది. మీరు రిటర్న్ కాలేదు, దూకేశారు. ఆ ఫ్రేమ్ అక్కడే గాలికి పోయింది. లినక్స్ సి లైబ్రరీ జీలిబ్‌సీలోని లాంగ్‌జంప్ స్టాక్ పాయింటర్, మరికొన్ని రిజిస్టర్లు తప్ప ఎంఎక్స్‌సీఎస్ఆర్‌ని ముట్టుకోదు. కాబట్టి మీ ఇంటర్‌ప్రెటర్ ఇక జన్మంతా 1ఎఫ్80 తోనే నడుస్తుంది.

నమ్మకం లేకపోతే భాగహారానికి ముందు, దూకిన తర్వాత ఆ రిజిస్టర్ ప్రింట్ చేసి చూడండి.

#5 బుల్లి_భాష

ముందు 1900. దూకిన తర్వాత 1ఎఫ్80.

రెండు రాత్రుళ్ళు అండీ.

#6 సెమీకోలన్

నేనూ నేర్చుకున్నాను. విండోస్‌లో కూడా ఇంతేనా?

#7 కోర్‌డంప్

కాదు. 64 బిట్ల విండోస్‌లో సెట్‌జంప్ బఫర్‌లో ఎంఎక్స్‌సీఎస్ఆర్‌కి ఒక గది ఉంటుంది, దూకినప్పుడు అదీ తిరిగొస్తుంది. తమాషా ఏమిటంటే ఇటు జీలిబ్‌సీలోనే స్వాప్‌కాంటెక్స్ట్ అయితే ఎక్స్86-64 మీద దాన్ని దాస్తుంది, సెట్‌జంప్ దాయదు. ఒకే ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు, ఇద్దరికీ వేరే పద్ధతులు.

#8 కొత్త_కీబోర్డు

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. సి లో ఇంట్ వేరియబుల్స్‌తో 1/0 చేస్తే "ఫ్లోటింగ్ పాయింట్ ఎక్సెప్షన్, కోర్ డంప్డ్" అని చచ్చింది. నా ప్రోగ్రాంలో ఫ్లోట్ అన్నదే లేదు. డబుల్‌తో 1.0/0.0 చేస్తే మాత్రం ఏమీ అవలేదు. పేరు తిరగబడిందా?

#9 పాతకాపు_87

అందరికీ తగిలే మొదటి దెబ్బ ఇదే. పేరు పాత యూనిక్స్ నుంచి అంటుకుని ఉండిపోయింది. యూనిక్స్ ప్రమాణమైన పోసిక్స్ దృష్టిలో సిగ్‌ఎఫ్‌పీఈ అంటే అంకగణితంలో తప్పు, అంతే. ఫ్లోటే కానక్కర్లేదు.

ఎక్స్86లో ఇంటీజర్ భాగహారానికి మాస్క్ లేదు. సున్నాతో భాగిస్తే 0వ వెక్టర్, తప్పించుకునే దారి లేదు. ఫ్లోట్‌కి ఐఈఈఈ 754 ప్రమాణం 1985లోనే ఒక పద్ధతి పెట్టింది: ఐదు రకాల ఎక్సెప్షన్లు, అయిదింటికీ డీఫాల్ట్‌గా ఒక విలువ ఇచ్చి ఫ్లాగ్ ఎత్తి ముందుకు సాగడమే. ప్రోగ్రాం ఆగదు. 0/0 అయితే నాన్ ("సంఖ్య కాదు" అనే గుర్తు), 1/0 అయితే ఇన్ఫినిటీ. ప్రమాణం దీనికి "ఎక్సెప్షన్" అని పేరు పెట్టడం వల్లే సగం గొడవ. జావా చదివినవాళ్ళకి ఎక్సెప్షన్ అంటే విసిరేది, ఇక్కడ అది ఎత్తిన జెండా మాత్రమే.

ఇంకోటి చెప్తాను, దాచుకోండి. ఇంట్‌లో అతి చిన్న ఋణసంఖ్యని −1 తో భాగించి చూడండి. సున్నా లేకపోయినా అదే సిగ్‌ఎఫ్‌పీఈ, కారణం కోడ్ కూడా "ఇంటీజర్ సున్నా భాగహారం" అనే వస్తుంది. ఫలితం 32 బిట్లలో పట్టదు కదా, ప్రాసెసర్ రెంటికీ ఒకే వెక్టర్ వాడుతుంది. కెర్నెల్‌కి కూడా తేడా తెలీదు.

#10 జేవీఎం_జీవి

ఆ −1 సంగతి మా లోకంలో మంచి కథ. జావా ప్రమాణం ప్రకారం ఆ భాగహారానికి జవాబు మళ్ళీ అదే చిన్న సంఖ్య, తప్పు రాకూడదు. కాబట్టి జావాని నడిపే హాట్‌స్పాట్ ఎక్స్86 మీద భాగించే ముందు భాజకం −1 ఏమో అని చూసుకుంటుంది. సున్నా సంగతి మాత్రం చాలా చోట్ల చూడదు! నేరుగా భాగించేస్తుంది, సిగ్‌ఎఫ్‌పీఈ వస్తే హ్యాండ్లర్‌లో పట్టుకుని అరిథ్‌మెటిక్ ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. అరుదైన దానికి హార్డ్‌వేర్, మామూలుగా రాగలిగిన దానికి ఇఫ్.

డాట్‌నెట్‌లో అదే −1 భాగహారానికి ఓవర్‌ఫ్లో ఎక్సెప్షన్ విసురుతారు. ఒకే చిప్పు, ఒకే ఇన్‌స్ట్రక్షన్, రెండు భాషలు రెండు తీర్పులు.

#1 అడిగినవారికి: హాట్‌స్పాట్ హ్యాండ్లర్ లాంగ్‌జంప్ చెయ్యదు. సిగ్నల్ ఫ్రేమ్‌లో దాచిన ప్రోగ్రాం కౌంటర్‌ని (తర్వాత నడవాల్సిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామాని) మార్చి, ఎక్సెప్షన్ విసిరే చిన్న స్టబ్ చిరునామా అక్కడ పెట్టి, బుద్ధిగా రిటర్న్ అవుతుంది. కెర్నెల్ పాత స్థితి మొత్తం తిరిగిచ్చి, ఆ స్టబ్ దగ్గర దింపుతుంది. గో రన్‌టైమ్ కూడా ఇదే బాట: సిగ్‌పానిక్ అనే ఫంక్షన్‌ని ఫాల్ట్ అయిన చోటే పిలిచినట్టు ఫ్రేమ్‌ని సర్దుతుంది. మీరూ అలా చేస్తే ఎంఎక్స్‌సీఎస్ఆర్ సమస్య దానంతటదే పోతుంది.

#11 బుల్లి_భాష

మొదట్లో నేను రిటర్న్ చేసే చూశానండి, కానీ కౌంటర్ మార్చాలని తెలీదు. లాప్‌టాప్ ఫ్యాన్ విమానంలా మోగింది.

#12 కోర్‌డంప్

మోగదా మరి. రిటర్న్ అయితే ఫాల్ట్ అయిన ఇన్‌స్ట్రక్షన్ దగ్గరికే వెళ్తుంది, అది మళ్ళీ ఫాల్ట్ అవుతుంది, మళ్ళీ హ్యాండ్లర్. రిటర్న్ అయ్యే ముందు ఫ్రేమ్‌లోని ఎంఎక్స్‌సీఎస్ఆర్‌లో మాస్క్ అయినా మూయాలి, కౌంటర్ అయినా జరపాలి. సి ప్రమాణం అడిగితే అసలు సిగ్‌ఎఫ్‌పీఈ హ్యాండ్లర్ నుంచి రిటర్న్ అవడమే అన్‌డిఫైన్డ్, ఏం జరుగుతుందో ప్రమాణం చెప్పదు. కౌంటర్ మార్చే విద్య ఒక్కో ఓఎస్‌కీ ఒక్కో ప్రాసెసర్‌కీ వేరుగా రాసుకోవాలి. జేవీఎం వాళ్ళకి అది ఉద్యోగం, మీకు సరదా.

#13 పాతకాపు_87

ఎంఎక్స్‌సీఎస్ఆర్ దాకా వచ్చాక మీకు సుఖమే. ఎక్స్86లో పాత ఫ్లోటింగ్ యూనిట్ ఎక్స్87, ఆ రోజులు చూడలేదు మీరు.

అప్పుడు ఫాల్ట్ వెంటనే వచ్చేది కాదు. తప్పు జరిగిన ఇన్‌స్ట్రక్షన్ దాన్ని మనసులో పెట్టుకుని ఊరుకునేది. తర్వాత ఎప్పుడో ఇంకో ఫ్లోటింగ్ ఇన్‌స్ట్రక్షన్ వచ్చినప్పుడు, అది ఎంత అమాయకమైనదైనా, దాని నెత్తిన పేలేది. నేను డెల్ఫీలో పనిచేస్తున్న కాలంలో ఒక బయటి లైబ్రరీ వాడాం. పేరు వద్దులెండి. ఆ డీఎల్ఎల్ లోపల ఎక్కడో సున్నాతో భాగించుకుని, ఆ ఇన్ఫినిటీతో తన పని తాను ప్రశాంతంగా చేసుకునేది. సి కంపైలర్‌తో కట్టింది కదా, ట్రాపులు మూసి ఉంటాయన్న ధీమా. ఆ రోజుల్లో డెల్ఫీ మాత్రం ఇన్‌వాలిడ్, సున్నా భాగహారం, ఓవర్‌ఫ్లో ట్రాపులు తెరిచి ప్రోగ్రాం మొదలుపెట్టేది. డీఎల్ఎల్‌లో చివరి లెక్క దగ్గర పుట్టిన తప్పు, మా కోడ్‌లో ఒక ఫ్లోట్‌ని లోడ్ చేసే లైన్ దగ్గర పేలింది. ఆ లైన్లో భాగహారం కాదు కదా, కూడిక కూడా లేదు. మూడు రోజులు ఆ లైన్‌ని చూస్తూ కూర్చున్నాను.

చివరికి మందు రెండు లైన్లు: పిలిచే ముందు కంట్రోల్ వర్డ్ మార్చి అన్నీ మూయడం, వచ్చాక తెరవడం. వచ్చాక తెరిచే ముందు పాత ఫ్లాగులు తుడవడం మర్చిపోతే ఎక్స్87 మళ్ళీ పేలుతుంది, అదీ అనుభవించాం. ఎంఎక్స్‌సీఎస్ఆర్ వాడే కొత్త యూనిట్ ఎస్ఎస్ఈకి ఆ పట్టింపు లేదు, పాత ఫ్లాగ్ లేచి ఉన్నా కొత్త తప్పు జరిగితేనే ఫాల్ట్.

#14 కుండలీకరణం

ఎస్‌బీసీఎల్ వాడేవాళ్ళకి ఇది పాత కథ కాదు, ఇప్పటి కథే. ఆ లిస్ప్ కూడా అవే మూడు ట్రాపులు తెరిచి మొదలవుతుంది. గ్రాఫిక్స్ లైబ్రరీ ఏది పిలిచినా చుట్టూ "ఫ్లోట్ ట్రాపులు మూసి" అనే మాక్రో చుట్టాల్సిందే. భాష చేసిన ఎంపిక దాని ప్రోగ్రాంలకే పరిమితం అవదు, ఆ థ్రెడ్‌లో నడిచే ప్రతి పరాయి కోడ్‌కీ అంటుకుంటుంది. బుల్లి_భాష గారూ, మీ భాషకి రేపు సి లైబ్రరీలు పిలిచే సౌకర్యం పెట్టాలనుకుంటే ఇప్పుడే ఆలోచించండి.

#15 జేవీఎం_జీవి

ఎదురుదిశలోనూ అంతే. జేఎన్ఐ (జావా నుంచి సి ని పిలిచే దారి) ద్వారా పిలిచిన సి కోడ్ ఎంఎక్స్‌సీఎస్ఆర్ మార్చేసి వెళ్తే జావా లెక్కలు పాడవుతాయి. అందుకే పిలుపు అయ్యాక దాన్ని తిరిగి సరిచేసే స్విచ్ ఒకటి హాట్‌స్పాట్‌లో ఉంది.

లైబ్రరీ ఏ ఫంక్షనూ పిలవకుండానే మార్చేసిన రోజులు కూడా ఉన్నాయి. జీసీసీలో ఫాస్ట్-మ్యాథ్ పెట్టి షేర్డ్ లైబ్రరీ కడితే, లోడ్ అవుతూనే డీనార్మల్ సంఖ్యలన్నీ (సున్నాకి అతి దగ్గరగా ఉండేవి) సున్నా చేసే బిట్లు ఆ థ్రెడ్‌లో ఎత్తేసేది. జీసీసీ 13 నుంచి షేర్డ్ లైబ్రరీలకి ఆ అలవాటు మానింది.

#16 బుల్లి_భాష

థ్రెడ్ థ్రెడ్ అంటున్నారు. ఈ రిజిస్టర్ ప్రాసెస్ మొత్తానికి ఒకటి కాదా?

#17 కోర్‌డంప్

ఒక్కో థ్రెడ్‌కీ ఒకటి. థ్రెడ్ మారినప్పుడల్లా కెర్నెల్ దాచి, తిరిగి నింపుతుంది. పాత రోజుల్లో బద్ధకంగా చేసేవాళ్ళు, కొత్త థ్రెడ్ ఫ్లోట్ ముట్టుకున్నప్పుడే మార్చడం. 2018లో ఆ బద్ధకంలోంచి పక్క ప్రాసెస్ రిజిస్టర్ల విలువలు లాగొచ్చని తేలింది, సీవీఈ-2018-3665. ఇప్పుడు వెంటనే మారుస్తారు.

మీకు అవసరమైన ముక్క ఇది: పోసిక్స్ ప్రకారం కొత్త థ్రెడ్ తనని పుట్టించిన థ్రెడ్ స్థితినే వారసత్వంగా తీసుకుంటుంది. విండోస్‌లో డీఫాల్ట్‌తో మొదలవుతుంది. థ్రెడ్ పూల్ మొదలయ్యాక మెయిన్‌లో ట్రాప్ తెరిస్తే పూల్‌లో ఎవరికీ తెలీదు. అది మీ ప్రోగ్రాం సెట్టింగ్ అనుకోవద్దు, ఆ క్షణంలో ఆ థ్రెడ్ చేతిలో ఉన్న ఒక రిజిస్టర్, ఎవరైనా మార్చొచ్చు.

ఏఆర్ఎం సంగతి మీరే కనిపెట్టగలరు. ఫీఎనేబుల్‌ఎక్సెప్ట్ ఏం తిరిగిచ్చిందో చూశారా?

#18 బుల్లి_భాష

చూడలేదు. ఇప్పుడు మిత్రుడితో చూపించాను. −1.

#19 కోర్‌డంప్

అంతే. 64 బిట్ల ఏఆర్ఎంలో ఫ్లోట్ ట్రాపులు పెట్టాలా వద్దా అన్నది చిప్పు చేసేవాళ్ళ ఇష్టం, చాలా చిప్పుల్లో ఉండవు. బిట్ ఎత్తితే నిలబడదు, జీలిబ్‌సీ తిరిగి చదివి చూసి −1 ఇస్తుంది. ఆపిల్ ఎం1లో ఉన్నాయి, కానీ మ్యాక్ఓఎస్ అక్కడ సిగ్‌ఎఫ్‌పీఈ బదులు సిగ్‌ఇల్ (చెల్లని ఇన్‌స్ట్రక్షన్ సిగ్నల్) పంపుతుంది. రిస్క్-ఫైవ్ చిప్పులకైతే ట్రాపులే పెట్టలేదు, ఫ్లాగులు మాత్రమే. ఇంటీజర్ సున్నా భాగహారం కూడా ఏఆర్ఎం64లో గప్‌చుప్‌గా 0, రిస్క్-ఫైవ్‌లో −1. సిగ్నల్ మీద ఆధారపడిన రన్‌టైమ్‌లన్నీ అక్కడ ఇఫ్ పెట్టుకోవాల్సిందే.

#20 నాన్_వేటగాడు

నేను సైంటిఫిక్ కోడ్ మనిషిని, ట్రాపుల తరఫున ఒక మాట. రాత్రంతా నడిచిన సిమ్యులేషన్ పొద్దున చూస్తే నిండా నాన్‌లు. ఎక్కడ పుట్టిందో ఇఫ్‌లతో వెతకలేం. జీఫోర్‌ట్రాన్‌లో ఎఫ్‌పీఈ-ట్రాప్ స్విచ్ పెట్టి కడితే మొదటి నాన్ పుట్టిన చోటే ఆగుతుంది. ఇంతకంటే మంచి డీబగ్గర్ లేదు.

కానీ అది డీబగ్ కోసం. భాష అర్థాన్నే ట్రాప్ మీద నిలబెట్టకండి. క్లాంగ్ అనే సి కంపైలర్ డీఫాల్ట్‌గా "ఎవరూ ట్రాప్ తెరవరు" అనే నమ్మకంతో ఆప్టిమైజ్ చేస్తుంది. "సున్నా కాకపోతేనే భాగించు" అని మీరు లూప్‌లో రాసినదాన్ని, నాలుగేసి సంఖ్యలు ఒకేసారి, అన్నీ భాగించేసి అక్కర్లేనివి పారేసేలా మార్చొచ్చు. ట్రాప్ తెరిచి ఉంటే మీరు భాగించని సున్నా దగ్గర పేలుతుంది.

పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై మధ్యే దారి పట్టింది. లూప్ ముందు ఫ్లాగులు తుడుస్తుంది, లూప్ మొత్తం పూర్తయ్యాక ఒక్కసారి చదువుతుంది, ఏదైనా లేచి ఉంటే వార్నింగ్ ఇస్తుంది. ఎన్నో ఎలిమెంట్ అన్నది తెలీదు, కానీ ఎక్కడైనా పనిచేస్తుంది. మామూలు పైథాన్ అయితే ట్రాపూ లేదు, ఫ్లాగూ లేదు. భాజకం 0.0 ఏమో చూసి తానే ఎర్రర్ విసురుతుంది. ట్రాపులు వాడే ఎఫ్‌పీఈసీటీఎల్ అనే మాడ్యూల్ ఒకటి ఉండేది, 3.7లో తీసేశారు.

#21 సెమీకోలన్

పైథాన్ కూడా పూర్తిగా ఒక మాట మీద లేదు లెండి. 10.0ని 400 ఘాతానికి ఎత్తితే ఓవర్‌ఫ్లో ఎర్రర్. అదే చాలా పెద్ద ఫ్లోట్‌ని 10 తో గుణిస్తే నవ్వుతూ ఇన్ఫ్.

#22 బుల్లి_భాష

సరే, తేల్చుకున్నాను. భాగహారానికి ఇఫ్ పెట్టేశాను. ఎంత ఖర్చు అవుతుందో అని భయపడ్డాను గానీ, నా ఇంటర్‌ప్రెటర్ ఒక్క భాగహారం దాకా రావడానికే బోలెడు పని చేస్తుంది, ఆ పోలిక అందులో కనిపించను కూడా లేదు. ట్రాపులు మాత్రం డీబగ్ స్విచ్ వెనక ఉంచాను, దూకిన ప్రతిసారీ మళ్ళీ తెరుస్తున్నాను.

ఇప్పుడు కొత్త గొడవ. డీబగ్ స్విచ్‌తో టెస్టులు నడిపితే పూర్ణభాగం టెస్టు దగ్గర "ఇన్‌వాలిడ్" అని పడుతోంది. ఇన్నాళ్ళూ పాస్ అయిన టెస్టు! ఆ ఫంక్షన్‌లో ఉన్నది ఒకే లైన్: డబుల్‌ని లాంగ్‌లోకి మార్చి, తిరిగి డబుల్ చెయ్యడం. టెస్టు ఇచ్చిన సంఖ్య 10 కి 300 ఘాతం. ట్రాప్ అబద్ధం చెప్తోందా?

#23 నాన్_వేటగాడు

టెస్టు పాస్ అవడానికి ఏం రావాలని రాసుకున్నారు?

#24 బుల్లి_భాష

నా మెషిన్‌లో మొదటిసారి ఏం వచ్చిందో అదే కాపీ చేశాను. −9223372036854775808. పెద్ద సంఖ్య కదా, ఏదో చుట్టు తిరిగి వచ్చింది అనుకున్నాను.

అయ్యో.

#25 నాన్_వేటగాడు

చుట్టు తిరగలేదు. 64 బిట్లలో పట్టని సంఖ్యని లాంగ్‌లోకి మార్చమంటే ఎక్స్86 ఇన్‌వాలిడ్ ఫ్లాగ్ ఎత్తి, "నాకు చేతకాలేదు" అనడానికి గుర్తుగా ఆ ఒక్క విలువే ఇస్తుంది. ఏఆర్ఎం64 అయితే పట్టగలిగిన అతి పెద్ద సంఖ్య దగ్గర ఆగిపోతుంది, ధనసంఖ్య. మీ మిత్రుడి దగ్గర వచ్చింది అదే. సి ప్రమాణంలో ఆ మార్పిడే అన్‌డిఫైన్డ్, ఇద్దరిదీ తప్పు కాదు.

#26 కోర్‌డంప్

పైగా మీ టెస్టుల వరసలో సున్నా భాగహారం టెస్టు దీనికంటే ముందు ఉండి ఉంటుంది. అది దూకగానే ట్రాపులన్నీ మూసుకుపోయేవి, ఇది చీకట్లో దాటిపోయేది.

#27 బుల్లి_భాష

వరసలో మొదటిదే అదండి. పూర్ణభాగానికి సి లోని ట్రంక్ ఫంక్షన్ వాడాను (లాంగ్‌లోకి మార్చకుండా డబుల్‌గానే భిన్నభాగం కత్తిరిస్తుంది), రెండు మెషిన్లలోనూ ఒకే జవాబు వస్తోంది. ఇక టెస్టు ఫైల్లో నా మెషిన్‌లోంచి కాపీ చేసిన జవాబులు ఇంకెన్ని ఉన్నాయో వెతకాలి.